పాటకు పల్లకీ, పాడేవారికి పస్తులా?

జానపద బాణీలను ఉద్ధరించామని చెప్పుకునేవారు యీ రోజుల్లో ఎక్కువయ్యారు. వారిని మనం అడగవలసినది ఒకటే: ఆ బాణీ ఎవరి దగ్గర నేర్చుకున్నారు? వారికేమిచ్చారు? దీనికి జవాబు లేని పునరుద్ధరణ ఎంత శ్రావ్యంగా ఉన్నా సగం పనే. అలిపిరిలో ఉండి వ్రాస్తున్నాను గనుక అన్నమయ్య పాటనే ఉదాహరణగా తీసుకుంటాను.

అన్నమాచార్యుడు (1408–1503) సంస్కృతం చదివిన పండితుడే. అయినా ఆయన పదాల్లో గొబ్బి, జాజర, సువ్వి, ఏల, లాలి, ఉయ్యాల వరుసలు కనబడతాయి. ఇవి ఆయన సృష్టించినవి కావు. రోకటిపోటు వేసే ఆడవాళ్ళూ, తొట్టిలూపే తల్లులూ, పండుగనాడు వీధిలో చేరిన పడుచులూ తమ పనికీ తమ ఊపిరికీ సరిపోయేటట్టు కట్టుకున్నవి. ఆయన భార్య తిమ్మక్క సుభద్రాకళ్యాణం వ్రాసింది కూడా పాడుకోవడానికి అనువైన ద్విపదలోనే. ప్రజల దగ్గర అప్పు తెచ్చుకోవడానికి సిగ్గుపడకపోవడమే తాళ్ళపాకవారి గొప్పతనం. తరువాతివారు అప్పు సంగతి మరచి ఆస్తి సంగతి మాత్రమే గుర్తుంచుకున్నారు.

తిరుమల భాండారంలోని రాగిరేకులు 1920ల్లో పండితుల దృష్టికి వచ్చాయి. వాటిమీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అంటే మాట దక్కింది, వరుస దక్కలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఆ సాహిత్యాన్ని పరిష్కరించి లోకానికిచ్చారు. రాళ్ళపల్లివారు స్వరాలు కూడా కట్టారు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. నేదునూరి కృష్ణమూర్తి కచేరీకి నిలిచే బాణీలిచ్చారు. 2025లో మరణించిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లలిత సంకీర్తన ఫక్కీలో యీ పాటను ఇంటింటికీ చేర్చారు. వీరి శ్రమను తక్కువ చేసి మాట్లాడటం కృతఘ్నత. నా తగాదా వారితో కాదు. వారి పనితోనే కథ ముగిసిందనుకునే తృప్తితో నా తగాదా.

గొబ్బిపాట కూర్చుని పాడేది కాదు. వలయంగా తిరుగుతూ, వంగి లేస్తూ, చప్పట్ల దెబ్బకు పాదం వేస్తూ పాడేది. దానిని తివాచీ మీద కూర్చోబెట్టి, పక్కన వయొలిన్, మృదంగం అమర్చి, చివర నాలుగు స్వరకల్పనలు తగిలిస్తే వినడానికి బాగానే ఉంటుంది. కాని గొబ్బి అందులో ఉండదు. దానిని పుట్టించిన చేతులకు యీ వేదిక మీద చోటే లేదు.

"శాస్త్రీయమైన బాణీని పల్లెవరుసతో చెరుపుతారా?" అని కొందరు పండితులు గద్దిస్తారు. ఈ వాదంలో పస లేదు. మూలస్వరం దొరకనప్పుడు కచేరీబాణీ కూడా ఇరవయ్యో శతాబ్దపు కల్పనే. పల్లెవరుస అన్నమయ్యదేనని నేను అనడం లేదు. అయితే ఆయన ఏ చెట్టు కాయ కోసుకున్నాడో ఆ చెట్టు పల్లెలోనే ఉంది. వెదికేవాడు అక్కడికి కూడా వెళ్ళాలి కదా!

మనవాళ్ళలో మరో ధోరణి ఉంది. "అది భక్తిసాహిత్యం, మనకెందుకు?" అని పెదవి విరుస్తారు. ఇది ఇంకా ప్రమాదకరం. జంగంకథ మాత్రం ఏమిటి? దైవకథలు చెప్పి యాచించుకునేవారి కళే కదా! 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దానిని పారవేయలేదు. షేక్ నాజర్ ఆ తంబురానూ, ఆ గుమ్మెటలనూ చేబూని బెంగాల్ కరువును పాడాడు. నాజర్ పాతదానిని భద్రపరచలేదు, పనిలో పెట్టాడు. మనం వదిలేసిన కళ ఖాళీగా పడి ఉండదు. దానిని ఇంకొకరు ఎత్తుకుంటారు, తమకు కావలసిన మాట దానిచేత పలికిస్తారు.

ఈ వ్యవహారం మన ఒక్కరిదే కాదు. అమెరికా పల్లెసంగీతానికి పునాది అనదగిన రికార్డులను 1927లో బ్రిస్టల్ పట్టణంలో ఇచ్చినవారిలో కార్టర్ కుటుంబం ఒకటి. ఆ తరువాతి కాలంలో ఏ.పి. కార్టర్ పాటలు సేకరించడానికి ఊళ్ళు తిరిగేవాడు. వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు వాద్యకారుడు ఉండేవాడు. కార్టర్ మాటలు వ్రాసుకుంటే రిడిల్ వరుసలు జ్ఞాపకం పెట్టుకునేవాడు. పాటల హక్కులు నమోదైంది కార్టర్ పేర. 2005లో కరోలినా చాక్లెట్ డ్రాప్స్ అనే బృందం పెట్టిన రియానన్ గిడెన్స్, ఆమె మిత్రులు మరో దారి పట్టారు. జో థాంప్సన్ అనే వృద్ధ ఫిడేలు కళాకారుడి ఇంటికి పదే పదే వెళ్ళి శిష్యరికం చేశారు, నేర్పినవాని పేరు తాము వెళ్ళిన ప్రతిచోటా చెప్పారు. బాణీని ఎత్తుకుపోవడానికీ, పరంపరలో చేరడానికీ ఉన్న తేడా ఇదే.

"మళ్ళీ ఆడవాళ్ళచేత వడ్లు దంపిస్తావా?" అని ఎవరైనా అడగవచ్చు. వద్దు. మిల్లు వచ్చి ఆ చాకిరీ తప్పింది, మంచిదే. చాకిరీ పోవాలి, చాకిరీ చేసినవారి కళ పోనక్కరలేదు. రోకలి ఆగిన ఇంట్లో సువ్విపాట తెలిసిన గొంతు ఆగకముందే మనం అక్కడికి చేరాలి.

అలిపిరి నుంచి కొండమీదికి సుమారు 3,550 మెట్లు. పల్లెలనుంచి వచ్చే చెక్కభజన, కోలాటం జట్లు యీ ఊరికి కొత్త కాదు. ఉత్సవాల్లో వాహనం ముందు ఆడేది వారే. మైకు ముందు కూర్చునేవారికి బిరుదు, ఎండలో ఎగిరేవారికి ప్రసాదం అనే యీ పంపకం దేవుడు చేసినది కాదు, మనుషులు చేసినది. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటేనన్న భావాన్ని పాడిన కవి పేరిట ఇది జరగడం మరీ విడ్డూరం.

కనుక నా కోరికలు మూడు. 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం విద్యార్థులు సెలవుల్లో చిత్తూరు పల్లెలకు వెళ్ళి వరుసలు సేకరించాలి, పాడినవారి అనుమతి తీసుకుని వారి పేరు ముందుగా వ్రాయాలి. ఆ వరుసను వేదిక మీద వాడుకున్నవారు దానికి ప్రతిఫలమివ్వాలి. సంగీత పాఠశాలల్లో పండితుని పక్కన పల్లె గాయనికి కూడా గురువుగా కుర్చీ వేయాలి, జీతమివ్వాలి. ఉపాధ్యాయులారా, విద్యార్థులారా, సభలు పెట్టి ప్రజాకళలను పొగిడింది చాలు. కలమూ కాగితమూ పట్టుకుని ఊళ్ళోకి నడవండి. పాట తెలిసిన మనిషి బ్రతికుండగానే ఆ పాటకు ఖరీదు కట్టండి.