చెవులపిల్లి వేటకు ఎక్కడ పోవచ్చు? ఒక చట్టం, రెండు రకాల వేటగాళ్లు

సంక్రాంతి దగ్గరపడితే ఖటోదరాలో సాంచెల షెడ్ల దగ్గర మనవాళ్ల మాటలన్నీ ఊరి చుట్టే తిరుగుతాయి. మొన్న చాయ్ దగ్గర మా కాక నన్ను ఆపి, "చట్టాలన్నీ చదువుతున్నవ్ గదరా, పండుగకు ఊరికి పోతే చెవులపిల్లి వేటకు పర్మిషన్ ఎక్కడ దొరుకుతదో చెప్పు" అన్నాడు. ఎక్కడా దొరకదని చెప్పాను. ఆయన నమ్మలేదు. "మా నాయిన కాలంల లైసెన్సు ఇచ్చెటోళ్లు" అన్నాడు.

మిత్రులారా, కాక చెప్పింది అబద్ధం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట వచ్చినప్పుడు వేటను నియంత్రించింది, పూర్తిగా నిషేధించలేదు. అప్పట్లో నాలుగో షెడ్యూల్ పేరే చిన్న వేట జంతువులు. కుందేళ్లు, కౌజులు, పూరేడు పిట్టలు అందులో ఉండేవి. వాటికి విడిగా లైసెన్సు కూడా ఉండేది. 1991 సవరణతో సెక్షన్ 9 మారిపోయి, వేట మొత్తంగా నిషేధంలోకి వచ్చింది. 2022 సవరణ (అమలు 2023 ఏప్రిల్ 1 నుంచి) ఆరు షెడ్యూళ్లను నాలుగు చేసింది. ఇప్పుడు జంతువులకు మిగిలినవి మొదటి రెండే, మూడోది మొక్కలకు, నాలుగోది సైటిస్ ఒప్పందంలోని జాతులకు. ప్రిలిమ్స్ రాసేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోండి, పాత పుస్తకాల్లో ఇంకా ఆరే ఉంటాయి.

వేట అంటే తుపాకీ పేల్చడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. సెక్షన్ 2(16) చదవండి. ఉచ్చు పెట్టడం, వల వేయడం, ఎర పెట్టడం, తరమడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. పిట్ట గూడు చెడగొట్టినా, గుడ్లు తీసినా అంతే. పైగా సెక్షన్ 57 ప్రకారం మాంసం మీ దగ్గర దొరికితే అది అక్రమం కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. మినహాయింపులు కొన్నే. ప్రాణరక్షణ కోసం సదుద్దేశంతో చంపితే నేరం కాదు. పంటను పాడుచేసే జంతువును సెక్షన్ 11 కింద అధికారి రాతపూర్వక అనుమతితో చంపవచ్చు, కానీ ఆ కళేబరం ప్రభుత్వానిదే, కూర వండుకోవడానికి కాదు. పొలం ఎలుకలు ఏ షెడ్యూల్‌లోనూ లేవు కాబట్టి యానాదులు వాటిని పట్టుకుంటే ఈ చట్టం అడ్డురాదు. అదే యానాది ఉడుమును పట్టుకుంటే అది మొదటి షెడ్యూల్ జంతువు, కనీస శిక్షే మూడేళ్లు.

సరదా వేటకు మళ్లీ లైసెన్సులు ఇవ్వాలనే వాదన అప్పుడప్పుడు వినిపిస్తుంది. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ సూరత్‌లో ఉత్తరాయణ్‌కు మాంజా తగిలి పడిన పక్షులను పిల్లలు అట్టపెట్టెల్లో పెట్టుకుని చికిత్సకు తీసుకెళ్తారు. గుజరాత్ ప్రభుత్వం దానికోసం కరుణా అభియాన్ నడుపుతుంది. అదే వారంలో మన పల్లెల్లో కుక్కలను వేసుకుని పొలాల మీద పడతారు. ఇందులో నేను సూరత్ పిల్లల వైపే. కాకకు కోడి దొరుకుతుంది, మటన్ దొరుకుతుంది. చెవులపిల్లి ఆయనకు జ్ఞాపకం, ఆకలి కాదు.

నల్లమల చెంచు సంగతి వేరు. అమ్రాబాద్ టైగర్ రిజర్వు విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, దాని లోపలి పెంటల్లో వాళ్లు తరాలుగా ఉన్నారు. ప్రభుత్వమే వాళ్లను ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహమని గుర్తించింది. దుంపలు, తేనె, విల్లంబులతో కొట్టిన చిన్న జంతువులు వాళ్ల తిండి అని 1943లో హైమండార్ఫ్ చెంచుల మీద రాసిన గ్రంథం చెబుతుంది. చరిత్రలో జరిగిన అన్యాయాన్ని సరిదిద్దుతామని వచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(ఎల్)లో సంప్రదాయ హక్కులన్నీ ఇస్తూనే వేట హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. 1972 చట్టంలో సెక్షన్ 65 మాత్రం నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కును కాపాడింది. సముద్రం అవతల ఒప్పుకున్నది నల్లమలలో ఎందుకు ఒప్పుకోకూడదు?

జవాబు ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. నికోబార్‌లో పులి లేదు. పులి ఉన్న అడవిలో ఉచ్చు కుందేలుకే పెట్టినా అందులో పులి కూన పడవచ్చు. చెంచు పేరు చెప్పి బయటి వ్యాపారి మాంసం కొనుక్కుపోవచ్చు. అందుకే నేను పూర్తి హక్కు అడగడం లేదు. నాకు మింగుడుపడనిది శిక్షలోని కొలత. అభయారణ్యంలో వేట అయితే చంపింది కుందేలైనా సరే, సెక్షన్ 51 కింద కనీసం మూడేళ్ల జైలు. టైగర్ రిజర్వులో జరిమానా ఇంకా పెద్దది. కనీస శిక్ష ఉన్న నేరాన్ని సెక్షన్ 54 కింద రాజీ చేసుకునే వీలు లేదు. అంటే రేంజర్‌కు జాలి కలిగినా చట్టప్రకారం చేయగలిగింది ఏమీ లేదు. కళ్లు మూసుకోవాలి, లేదా జైలుకు పంపాలి. కళ్లు మూసుకోవడానికి ఒక ధర ఉంటుందని అడవి పక్క ఊళ్లలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

మార్చాల్సింది చిన్నదే. అటవీ హక్కుల చట్టం కింద ఆవాస హక్కులు పొందిన సమూహాలు రెండో షెడ్యూల్ చిన్న జంతువులను ఉచ్చు, విషం, కరెంటు తీగ లేకుండా సొంత తిండికి పట్టినప్పుడు కనీస శిక్ష ఎత్తేయాలి. మొదటిసారైతే గ్రామసభ ముందు తేల్చుకునే వీలివ్వాలి. అమ్మితే మాత్రం ఇప్పుడున్న శిక్షే ఉండాలి. గ్రామసభ మీద నమ్మకం లేనివాళ్లు నాగాలాండ్‌లోని పాంగ్టీ సంగతి చదవాలి. 2012లో అక్కడ అముర్ డేగలను వేల సంఖ్యలో వలల్లో పట్టి చంపారు. మరుసటి ఏడాదికే ఊరివాళ్లు తామే తీర్మానం చేసుకుని ఆ వేట ఆపేశారు.

మా కాకకు ఇవేవీ పట్టలేదు. ఆయన చిన్నప్పుడు ఊరి చెరువు వెనక ఉచ్చు పెట్టి దొరికిపోయి, ఒక మేకను అమ్మి బయటపడ్డాడట. రసీదు ఇచ్చారా అని అడిగాను. చాయ్ గ్లాసు కింద పెట్టి, "నువ్వు ఆఫీసరువైనంక ఇయ్యి" అని షెడ్డులోకి పోయాడు.