చెరువు జమా ఖర్చులు

నెలాఖరుకు ఇంటి పద్దు రాసే ఇల్లాలికి ఒకటి బాగా తెలుసు. వచ్చింది వచ్చినట్టు నిలవదు. పోయింది ఎక్కడికో ఒక చోటికి చేరుతుంది. జమ పెరిగి ఖర్చు తగ్గితే ఇంట్లో సంతోషమే. చెరువు పద్దులో మాత్రం అలా జరిగితే సంతోషించడానికి లేదు. ఈ వారం ఆ పద్దు కాస్త తిరగేద్దాం.

మా మీర్‌పేటలో పెద్దచెరువు, మంత్రాల చెరువు, సంద చెరువు అందరికీ తెలిసిన పేర్లే. చెరువంటే మన లెక్కలో ఒక కట్ట, దాని లోపల నీళ్ళు. కట్ట దగ్గర చెరువు అయిపోయిందనీ, అక్కడినుంచి మన కాలనీ మొదలయిందనీ అనుకుంటాం. ఈ హద్దు మునిసిపాలిటీ పటంలో ఉంటే ఉండవచ్చు గాని, పురుగూ పిట్టా దీన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ ట్యూబులైటు చుట్టూ ముసురుకునే చిన్న పురుగుల్నే చూడండి. అవన్నీ దోమలని కిటికీలు బిడాయించేస్తాం. వాటిలో కుట్టని జాతి ఒకటుంది. అచ్చం దోమలాగే ఉంటుంది. దాని చిన్నతనమంతా చెరువు అడుగు బురదలో, కుళ్ళిన ఆకూ అలమూ తింటూ గడుస్తుంది. రెక్కలొచ్చాక బతికేది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లోనే బల్లికీ, సాలెపురుగుకూ, తూనీగకూ, గబ్బిలానికీ ఆహారమైపోతుంది. అంటే ఏమిటన్నమాట? నిన్న చెరువు అడుగున ఉన్న బురద ఇవాళ మన గోడమీది బల్లి కడుపులో ఉంది. ఇది చెరువు పద్దులో ఖర్చు. గాలికి రాలే ఆకూ, గట్టు మీదనుంచి జారిపడే మిడతా, వాననీటితో వచ్చే ఒండ్రూ జమ.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంతపాటిదని లెక్క కట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. జపానులో హొక్కయిడో దీవిలో హొరొనాయ్ అనే చిన్న వాగు ఉంది. షిగెరు నకానో అనే శాస్త్రజ్ఞుడు ఆ వాగు మీద కొంతమేర వలలాంటి కప్పు వేయించాడు. అడవిలోని పురుగులు నీళ్ళలో రాలకుండా చూడటం ఆయన ఉద్దేశం. పైనుంచి తిండి రాకపోయేసరికి చేపలు వాగు అడుగునున్న పురుగుల మీద పడ్డాయి. అడుగున పాచి తినేవి ఆ పురుగులే. అవి తగ్గాయి, పాచి పెరిగింది. చూశారా, గట్టుమీది మిడత రాకపోతే నీళ్ళలో పాచి పేరుకుంది! 1999లో ఈ ప్రయోగం అచ్చయింది. ఆయనా, మురకామి అనే మరో శాస్త్రజ్ఞుడూ కలిసి 2001లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఆ వాగు చేపలకు ఏడాది మొత్తం మీద అందే బలంలో 44 పాళ్ళు అడవి పురుగులవల్ల వచ్చినదే. ఆ అడవి పిట్టలకు అందే బలంలో సుమారు 26 పాళ్ళు వాగు పురుగులవల్ల వచ్చినది. అడవిలో ఆకులేని రోజుల్లో వాగు పిట్టల్ని పోషిస్తుంది; అడవి పచ్చగా ఉన్న రోజుల్లో అడవి చేపల్ని పోషిస్తుంది. ఇరుగుపొరుగంటే అలా ఉండాలి!

ఆ లెక్క అచ్చులో చూసుకునే యోగం నకానోకు లేకపోయింది. 2000 మార్చిలో మెక్సికో దగ్గర సముద్రంలో పడవ మునిగి చనిపోయాడు. ఆ పడవలోనే పోయిన గారీ పోలిస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కూడా ఈ పద్దు చదివినవాడే. గడ్డి మొలవని దీవుల్లో సాలెపురుగులు అన్ని ఎలా బతుకుతున్నాయని ఆరాతీసి, వాటికి అన్నం పెట్టేది ఒడ్డుకు కొట్టుకొచ్చే సముద్రపు నాచూ, కళేబరాలూ, పక్షుల రెట్టాననీ తేల్చాడు.

అంత దూరం ఎందుకు? తిరుపతి జిల్లాలో నేలపట్టు ఉంది. 1976లో పక్షుల రక్షిత కేంద్రమైంది. అక్కడి చెరువు నీళ్ళలో నిలిచిన చెట్లమీద గూడబాతులు పిల్లల్ని చేస్తాయి. మేత మాత్రం దగ్గరలోని పులికాట్ సరస్సులో. ఆ సరస్సు చేప పక్షి కడుపులో ప్రయాణం చేసి, రెట్టగా నేలపట్టు చెరువులో పడుతుంది. ఆ నీరు పారిన పొలాలకు ఎరువు కలిసి వస్తుందని రైతులు పక్షుల్ని ప్రేమగా చూసుకుంటారు. ఉప్పునీటి సరస్సు వరిచేనుకు ఎరువు పంపడమంటే ఇదే.

మా మీర్‌పేటకూ ఒకప్పుడు ఇలాంటి ఖర్చు దారులుండేవి. మా వీధికి ఆకుకూరలు తెచ్చే ముసలమ్మ ఈ ఊరిదే. ఓసారి మాటల్లో అంది:

"ఎండకాలం వొస్తె చెరువు మట్టి బండ్ల మీద పొలాలకు తోలెటోళ్ళమమ్మా. ఆ ఏడు ఇంకో ఎరువు అక్కర్లేకపోతుండె."

"ఇప్పుడో పెద్దమ్మా?"

"ఇప్పుడు పొలాలేడున్నయమ్మా? మీ ఇండ్లే ఉన్నయి."

నా దగ్గర జవాబు లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తెలంగాణ పల్లెల్లో చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని పొలాలకు చేర్చారు. కాలనీలు కమ్మేసిన చోట ఆ మట్టిని ఎవరు అడుగుతారు? మరి జమ ఆగిందా? ఆగకపోగా పదింతలైంది. వంటింటి కడుగునీళ్ళు, సబ్బునీళ్ళు, మరుగుదొడ్డి నీళ్ళు కాలువ వెంట చెరువులోకే దిగుతున్నాయి. రాక పెరిగింది, పోక మూసుకుపోయింది. మిగులంతా గుర్రపుడెక్కగా నీళ్ళమీద తేలుతోంది.

మొన్న మా కాలనీ సమావేశంలో ఒక పెద్దమనిషి, "చుట్టూ గోడ కట్టించి, గట్టంతా రాయి పరిపించేస్తే పురుగూ పుట్రా బాధ వదులుతుందండీ," అన్నారు.

"గోడ పురుగుకు అడ్డమా, మురుగుకు అడ్డమా అన్నయ్యగారూ?" అని అడిగాను.

ఆయన నవ్వి ఊరుకున్నారు గాని, నా ప్రశ్న నవ్వులకు కాదు. గట్టు రాయి పరిస్తే గడ్డీ పొదా పోతాయి. వాటిలో కాపుకాసి పురుగుల్ని పట్టే సాలెపురుగూ, కప్పా పోతాయి. బురదలో పుట్టే పురుగు మాత్రం పుడుతూనే ఉంటుంది. గోడ ఎగరడం దానికి ఒక లెక్కా?

ఇంకొక ముఖ్య విషయం. ఈ దారుల్లో బలం ఒక్కటే ప్రయాణం చెయ్యదు. విషమూ టిక్కెట్టు లేకుండా ఎక్కుతుంది. అమెరికాలో హార్ట్‌వెల్ అనే సరస్సులో ఒక కార్ఖానా వదిలిన రసాయనాలు అడుగు మట్టిలో చేరాయి. 2008లో అచ్చయిన పరిశోధన కోసం గట్టుమీది సాలెపురుగుల్ని పరీక్షిస్తే, నీళ్ళలో కాలుపెట్టని ఆ జీవాల ఒంట్లో అదే రసాయనం కనిపించింది. మోసుకొచ్చింది రెక్కలొచ్చిన పురుగులే.

మనకు మరీ దగ్గర ఉదాహరణ చెబుతాను. మా ఊరి వాలు సరూర్‌నగర్ వైపు, అక్కడినుంచి మూసీకి. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాలలో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థవారు నగరం దిగువన మూసీ గట్లు తిరిగి, మురుగునీటితో పారాగడ్డి పెంచి పాడిగేదెలకు అమ్ముకు బతికే కుటుంబాల్ని చూశారు. ఆ గేదెల పాలు వచ్చేది నగరానికే. ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టిన గడ్డి అది, దాన్ని తప్పుపట్టను. కాని మన తొట్టిలో పారబోసింది మన కాఫీ గ్లాసు దాకా తిరిగి రావడానికి దారి ఉందని తెలిశాక, ఏది పారబోస్తున్నామో చూసుకోవద్దూ?

అంచేత నా మనవి ఇది. వాడేసిన నూనె, పాత మందులు, రంగునీళ్ళు తొట్టిలో పొయ్యకండి. దేవుడి పూలు చెరువులో వెయ్యకుండా మొక్కల మొదట్లో వెయ్యండి. అది వాటికీ పుణ్యమే. కాలనీ సమావేశంలో గోడకన్నా ముందు, మురుగును శుద్ధి చేసే ఏర్పాటు గురించి మగవారు అడగకపోతే మనమే అడుగుదాం. గట్టున రాయికి బదులు గడ్డి, నాలుగు చెట్లు ఉంచమందాం.

మన ఇంటి పద్దులో తేడా వస్తే మనం ఒక్కరమే బాధపడతాం. చెరువు పద్దులో తేడా వస్తే ఆ అప్పు బల్లినుంచి బిడ్డదాకా అందరూ తీర్చాలి. వడ్డీ పెరగకముందే చూసుకోవడం మంచిది కదూ!