ఎవరూ లేని ఎడారి కాదది

లాస్ వేగాస్‌లో కారు అద్దెకు తీసుకుని జయాన్, బ్రైస్, హార్స్‌షూ బెండ్, యాంటెలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్ చుట్టేసి రావడం అమెరికాలోని చాలా తెలుగు కుటుంబాలకు లాంగ్ వీకెండ్ ఆనవాయితీ. వెళ్లొచ్చినవాళ్లు కొత్తగా బయల్దేరేవాళ్లకు చెప్పే సలహా దాదాపు ఒకటే: "వ్యూపాయింట్ల దగ్గర ఆగండి. మధ్యలో ఏమీ ఉండదు, ఆగకుండా లాగించేయండి."

ఈ సలహా తప్పు. ఆ మధ్యలో నవాహో అనే ఒక ఆదివాసీ జాతి కాపురముంటోంది.

అరిజోనాలోని పేజ్ ఊరి నుంచి కెయెంటా వైపు వెళ్లే దారి సంగతే చూడండి. వేసవిలో అక్కడ ఫోన్‌లో గడియారం ఉన్నట్టుండి గంట ముందుకు జరుగుతుంది. అరిజోనా రాష్ట్రం వేసవిలో గడియారాలు మార్చదు, నవాహో నేషన్ మారుస్తుంది. సొంత ప్రభుత్వం, పోలీసులు, కోర్టులు ఉన్న నేల అది. విస్తీర్ణం సుమారు 27 వేల చదరపు మైళ్లు, అంటే తెలంగాణలో సగానికి పైమాటే. అంత నేలను "ఏమీ లేదు" అని కొట్టిపారేయడానికి మనసెలా ఒప్పుతుంది?

ఆ దారిలోనే కొన్నేళ్ల క్రితం వరకు ఒక కరెంటు రైలు నడిచేది. బ్లాక్ మెసా గనుల బొగ్గును 78 మైళ్లు మోసుకెళ్లి పేజ్ పక్కనున్న నవాహో జెనరేటింగ్ స్టేషన్‌కు చేర్చేది. అక్కడ పుట్టిన కరెంటుతో కొలరాడో నది నీటిని తోడి, 336 మైళ్ల కాలువలో ఫీనిక్స్, టూసాన్‌ల దాకా పంపారు. 2019లో ఆ కేంద్రం మూతపడేదాకా ఈ పని సాగింది. ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్ల కుళాయిల్లోకీ కొంత ఆ నీరే వచ్చింది. బొగ్గిచ్చిన నవాహోల ఇళ్లలో మాత్రం దాదాపు మూడోవంతుకు నేటికీ కుళాయి నీళ్లు లేవు. బిందెలు, డ్రమ్ములు ట్రక్కుల్లో వేసుకుని మైళ్లు వెళ్లి తెచ్చుకుంటారు. 1944 నుంచి 1986 వరకు ఇదే నేల నుంచి దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ముడిఖనిజం తవ్వుకుపోయారు. వదిలేసిపోయిన గనులు 500కు పైనే. కారు అద్దంలోంచి "ఖాళీ"గా కనిపించేది ఈ చరిత్రే.

నవాహో నేలలోనే ఉన్న యాంటెలోప్ కాన్యన్‌లో గైడు రుసుము దండగని సణిగేవాళ్లూ ఉన్నారు. 1997 ఆగస్టు 12న మైళ్ల దూరంలో ఎక్కడో కురిసిన వాన ఆ ఇరుకు సందులోకి వరదై దూకి 11 మంది ప్రాణాలు తీసింది. కాన్యన్‌లో నిలబడినవాడికి ఆ మబ్బు కనబడదు. ఆకాశాన్నీ వాగునూ కనిపెట్టుకుని ఉండే మనిషికిచ్చే డబ్బు దండగెలా అవుతుంది?

సెలవులు తక్కువన్న మాట నిజమే. అందుకే జాబితాలో ఒకటి రెండు వ్యూపాయింట్లు కొట్టేసి, ఒక రాత్రి చిన్లీ అనే ఊళ్లో ఉండాలి. కెయెంటా నుంచి గంటన్నర ప్రయాణం. పక్కనే కాన్యన్ డి షే. దాని అంచుల వెంట ఎవరి కారులో వాళ్లే తిరగొచ్చు. అడుగుకు వాహనంలో దిగాలంటే నవాహో గైడు తోడుండాలి. 1864లో అమెరికా సైన్యం ఆ లోయలోని పీచు తోటలను నరికేసి, నవాహోలను 300 మైళ్లకు పైగా నడిపించి న్యూ మెక్సికోలో నిర్బంధించింది. 1868 ఒప్పందంతో వాళ్లు తిరిగొచ్చారు. ఇప్పుడు లోయ అడుగున మొక్కజొన్న వేస్తున్నది వాళ్ల వారసులే. వాళ్లలో ఒకరు పక్కన కూర్చుని దారి చూపిస్తుంటే, ఎవరి పొలం ఎక్కడ మొదలవుతుందో పిల్లలు అడిగి తెలుసుకోవచ్చు.