పాత కారుకు కొత్త బోల్టు

బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై రూపొందిన అంబాసిడర్ కార్ల తయారీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014లో ఆగిపోయింది. వాటిని పునరుద్ధరించేవారిలో పలువురు రంగుకిచ్చే ప్రాధాన్యాన్ని బోల్టులకు ఇవ్వరు. ఈ ఉపేక్ష ప్రమాదకరం. తుప్పు పట్టదన్న ఆశతో స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులను ఎంచుకొంటారు. కాని వాటిలో విరివిగా లభించే 'ఏ2-70' రకం కనీస తన్యతా బలం చదరపు మిల్లీమీటరుకు 700 న్యూటన్లు మాత్రమే, '8.8' గుర్తుగల ఉక్కు బోల్టుకది 800. తొలినాటి అంబాసిడర్లలో అంగుళాల కొలతల బోల్టులుండేవి. వాటికి మిల్లీమీటర్ల నట్టును బలవంతంగా బిగిస్తే మరచుట్లు చెడి, పట్టు సడలుతుంది. కనుక అలంకార భాగాలకు మెరుపును కోరవచ్చును గాని, బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్ల వద్ద సరైన కొలత, తగిన బలమే ప్రమాణం కావాలి. వాహనం ఎంత పురాతనమైనా, అందులో ప్రయాణించేవారి ప్రాణం అంతకన్న విలువైనది.