శిక్షతో ఆగని గర్భస్రావాలు

దేశంలో గర్భస్రావాలు ఏ మేరకు జరుగుతున్నాయి, చట్టాన్ని సడలించాలా అన్న విషయాలు పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 1964 సెప్టెంబరులో ఒక కమిటీ వేసింది. మహారాష్ట్ర ఆరోగ్య మంత్రి శాంతిలాల్ షా దానికి అధ్యక్షుడు. అప్పటికి అమల్లో ఉన్నది 1860 నాటి శిక్షాస్మృతి. తల్లి ప్రాణం నిలపడానికి తప్ప గర్భం తీసినవారూ, తీయించుకున్న స్త్రీ కూడా 312వ సెక్షన్ ప్రకారం నేరస్తులే. శిక్ష మూడేళ్ల వరకు, పిండం కదలికలు తెలిసే దశ దాటితే ఏడేళ్ల వరకు జైలు.

ఆ చట్టం గర్భస్రావాలను ఆపలేదు, చాటుకు నెట్టింది. గర్భసంచిలోకి పుల్లలు దూర్చడం, నాటుమందులు మింగించడం సాగుతూనే వచ్చాయి. లోపల చీము పట్టి, ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో ఆసుపత్రికి చేరిన స్త్రీకి ఏం జరిగిందో డాక్టరుకు చెప్పడమంటే నేరం ఒప్పుకోవడమే. 1966 డిసెంబరులో నివేదిక ఇచ్చిన కమిటీ, 50 కోట్ల జనాభాలో ఏటా 39 లక్షల మంది కావాలని గర్భస్రావం చేయించుకుంటున్నారని అంచనా కట్టింది. ఇలా ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నవారిలో ఎక్కువమంది పెళ్లయినవారేనని తర్వాత వచ్చిన చట్టం ఉద్దేశాల ప్రకటనే చెప్పింది.

ఈ నివేదిక ఆధారంగా 1971లో వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది. 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. తల్లి ఆరోగ్యానికి ముప్పు, అత్యాచారం, పిండంలో తీవ్ర లోపం, వివాహితల విషయంలో గర్భనిరోధక సాధనం విఫలం కావడం వంటి కారణాలతో 20 వారాల వరకు అనుమతించింది. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది. అవివాహితలకూ ఆ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం మారినంతగా వైద్యం ఊళ్లకు చేరలేదు. 2015లో దేశంలో సుమారు 1 కోటి 56 లక్షల గర్భస్రావాలు జరిగాయని, వాటిలో 73 శాతం ఆసుపత్రుల బయట మాత్రలతో జరిగినవేనని ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఒక మిఫెప్రిస్టోన్, నాలుగు మిసోప్రోస్టాల్ మాత్రలుండే ఆ ప్యాకెట్ డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. సరైన సలహాతో వాడితే సురక్షితమే. కానీ గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు. ట్యూబు పగిలి లోలోపల రక్తస్రావమైతే ప్రాణమే పోతుంది. చీటీ లేకుండా మాత్రలు కొని వాడే స్త్రీకి ఈ ప్రమాదం గురించి చెప్పేవారుండరు.

నివారణ అంటే భయపెట్టడం కాదు. అక్కరలేని గర్భం రాకుండా గర్భనిరోధక సాధనాలు అందాలి. వచ్చినప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే శిక్షణ పొందిన డాక్టరు, మందులు ఉండాలి. పెళ్లయిందా అని నిలదీయకుండా, భర్త సంతకం అడగకుండా, పేరు బయటపెట్టకుండా సేవ చేయాలి. మేజరైన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలని చట్టం 1971 నుంచీ చెబుతోంది. అయినా పాత 312వ సెక్షన్ శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన కొత్త న్యాయ సంహితలో 88వ సెక్షన్‌గా కొనసాగుతోంది. చట్టం దాటిన సందర్భంలో స్త్రీ ఇప్పటికీ నేరస్తురాలే. కనీసం ఆమెనైనా ఆ సెక్షన్ నుంచి తప్పించాలి.