బొగ్గుకి తొందరెంత?

బొగ్గుల ఇస్త్రీ పెట్టెలు ఇప్పుడు తగ్గిపోయాయి గానీ, ఆ పెట్టెను అటూ ఇటూ ఊపగానే లోపలి నిప్పు ఎర్రబడటం మనలో చాలామంది చూసిందే. ఊపితే బొగ్గేమీ మారలేదు, దానికి అందే గాలి పెరిగిందంతే. అంటే అక్కడ మంట వేగాన్ని నడిపిస్తున్నది బొగ్గు గుణం కాదు, గాలి సరఫరా. ఈ తేడా పట్టుకోకపోతే లక్షల ఖరీదు చేసే మిషను కూడా తప్పు లెక్కే చెబుతుంది.

సబ్బవరం చుట్టుపక్కల ఓసారి చూడండి. పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం. ఆవల ఉక్కు ఫ్యాక్టరీ. మండలంలోని వంగలిలో, 2016లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీ. అనకాపల్లి వైపు వెళ్తే చెరకు పిప్పితో మండే బెల్లం పొయ్యిలు. వీటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ఎంత వేడి దగ్గర ఈ కార్బన్ ఎంత వేగంగా ఖర్చవుతుంది?

థర్మల్ కేంద్రంలో బొగ్గును పిండిలా నూరి కొలిమిలోకి ఊదుతారు. కాలడానికి ఆ రేణువుకి దొరికే టైము కొద్ది సెకన్లే. ఈలోగా పూర్తిగా కాలకపోతే, డబ్బు పెట్టి కొన్న కార్బన్ బూడిదతోపాటే పోతుంది!

ఉక్కు ఫ్యాక్టరీలో కథ వేరు. అక్కడ కోకు తొందరపడకూడదు. ఇంచుమించు వెయ్యి డిగ్రీల వేడితో ఓవెన్‌లోంచి వచ్చిన కోకును వైజాగ్ స్టీల్‌లో నైట్రోజన్‌తో చల్లారుస్తారు. మామూలు గాలి పంపితే చల్లారడం మాట అటుంచి, మండిపోతుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కిందికి దిగేదాకా కూడా ముక్క గట్టిగా నిలబడాలి. అందుకే దానికో పరీక్ష పెడతారు. 200 గ్రాముల కోకు ముక్కల్ని 1,100 డిగ్రీల దగ్గర 2 గంటలు కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచి, ఎంత బరువు తగ్గిందో చూస్తారు. మిగిలినదాన్ని గొట్టంలో వేసి 600 చుట్లు తిప్పి, ముక్కలుగా నిలిచింది ఎంతో, పొడి అయింది ఎంతో తూస్తారు.

ఇంకా లోతుకి వెళ్లాలంటే థర్మోబ్యాలెన్స్ కావాలి. అతి సన్నటి తక్కెడ, దాని చుట్టూ చిన్న కొలిమి. జపాన్ శాస్త్రవేత్త కొటారో హోండా 1915లో ఈ పేరుతోనే దీన్ని పరిచయం చేశాడు. కొన్ని మిల్లీగ్రాముల పొడి వేసి, గాలి పంపుతూ, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి పెంచుతూ పోతే, బరువు తగ్గే తీరు గీతగా పడుతుంది. అందులోంచి ‘ఉత్తేజన శక్తి’ లెక్క కడతారు. చర్య జరగాలంటే అణువులు దాటాల్సిన గట్టు ఎత్తు అనుకోండి. గట్టు ఎంత ఎత్తయితే, వేడి పెరిగే కొద్దీ వేగం అంత విపరీతంగా పెరుగుతుంది. ఈ సూత్రం 1889లో స్వీడన్‌కి చెందిన అర్హీనియస్ చెప్పింది.

ఇక అసలు చిక్కు. బొగ్గు రేణువు నిండా సన్న రంధ్రాలుంటాయి. వేడి పెరిగితే ఆక్సిజన్ ఆ రంధ్రాల లోపలికి చేరేలోపే దారిలోనే ఖర్చయిపోతుంది. అప్పుడు మిషను చూపే ఉత్తేజన శక్తి అసలుదానిలో సగమే! అసలు విలువ 160 కిలోజౌళ్లు అనుకుందాం. 500 నుంచి 600 డిగ్రీలకి వెళ్తే వేగం సుమారు 17 రెట్లు అవుతుంది. 80 అని నమ్మితే లెక్కలో 4 రెట్లే వస్తుంది. అలాంటి అంకెతో కొలిమి డిజైన్ చేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పైగా 12 గ్రాముల కార్బన్ పూర్తిగా కాలితే 393 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. పళ్లెంలో పొడి ఎక్కువేస్తే అది తన వేడికి తానే మండి, తెర మీద కనిపించే డిగ్రీలను దాటిపోతుంది.

విరుగుడు కష్టమేం కాదు, ఓపిక కావాలంతే. పొడి సగానికి తగ్గించి మళ్లీ చేయండి. ఇంకా మెత్తగా నూరి చేయండి. గాలి పెంచి చేయండి. ఫలితం మారిందా? అయితే మీరు కొలిచింది బొగ్గును కాదు, ఇస్త్రీ పెట్టె ఊపును! మారకుండా నిలిచిందాకా తగ్గించుకుంటూ రావాలి. ఒక్క వేడి రేటుతో సరిపెట్టకుండా కనీసం మూడు రేట్లతో చేసి పోల్చుకోవాలి.

ఇది ల్యాబ్ గొడవే అనుకోకండి. యార్డుల్లో పోసిన బొగ్గు కుప్ప మామూలు ఎండ వేడికే నెమ్మదిగా ఆక్సిజన్‌ని పీల్చుకుంటుంది. పుట్టిన వేడి బయటికి పోక, ఒక్కోసారి దానంతటదే రాజుకుంటుంది. అందుకే కుప్పను గట్టిగా అదిమి గాలి చొరబడకుండా చేస్తారు, పాత సరుకును ముందు వాడేస్తారు. కుప్ప ఎన్నాళ్లు భద్రమో చెప్పడానికి 500 డిగ్రీల దగ్గర తీసిన అంకె పనికిరాదు. అక్కడ జరిగే చర్యే వేరు.

ప్రాజెక్టు రిపోర్టు రాసే పిల్లలకి ఒక్క మాట. ఉత్తేజన శక్తి పక్కనే పొడి బరువు, రేణువు సైజు, గాలి ఎంత పంపారు, ఏ డిగ్రీల మధ్య కొలిచారు, ఇవన్నీ రాయండి. అవి లేకపోతే మీ అంకెను తర్వాత ఎవరూ వాడుకోలేరు.