ఆటిజం ఉన్న బిడ్డకు బడిలోనే ఒక గది

ఆటిజం ఉన్న బిడ్డను మామూలు బడిలో చేర్చాలా, ప్రత్యేక పాఠశాలకు పంపాలా అని తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. మామూలు బడిలోనే చేర్చండి, అయితే ఆ బడిలో అటువంటి పిల్లల కోసం ఒక ప్రత్యేక గది, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు ఉండాలి అన్నది నా అభిప్రాయం. అలాంటి బడులు ఎన్ని ఉన్నాయని మీరు అడగవచ్చు. అడగవలసిందే.

గది ఎందుకు? కిక్కిరిసిన తరగతిని ఒకసారి తలచుకోండి. ఫ్యాను చప్పుడు, పక్క తరగతిలో ఎక్కాలు, మధ్యాహ్న భోజనవేళ స్టీలు కంచాల మోత. మన మెదడు వీటిని వడపోసి పక్కన పెడుతుంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలలో ఆ వడపోత సరిగా సాగదు. అన్నీ ఒక్క హోరై మీద పడతాయి. చెవులు మూసుకోవడం, బల్ల కింద దూరడం, కేకలు వేయడం వంటివాటికి మనం మొండితనమని పేరు పెడతాము. చాలా సందర్భాలలో అవి ఆ హోరు నుండి తప్పించుకునే ప్రయత్నాలు. బెత్తంతో అవి తగ్గవు. మందు రాయమని అడిగేవారూ ఉన్నారు. ఆటిజాన్ని తొలగించే మందు ఏదీ లేదు. చప్పుడు తక్కువగా ఉండే గది, తరువాత ఏమి జరగబోతోందో బొమ్మలతో చూపే దినచర్య పట్టిక, మాట రాని బిడ్డ తన అవసరం తెలుపుకోవడానికి బొమ్మల కార్డులు: వీటికి పెద్ద ఖర్చేమీ కాదు. ఖర్చయ్యేది ఉపాధ్యాయునికే.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం దానిని 21 వైకల్యాలలో చేర్చి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు ఇటువంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలన్నది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక తరగతులలో 10 మందికి, ఆపై తరగతులలో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంత జరిగినా "మీ అబ్బాయి వల్ల మిగతావారి చదువు చెడుతోంది, టీసీ తీసుకువెళ్ళండి" అనే మాట వినని తల్లులు తక్కువ.

మన రెండు రాష్ట్రాలలో భవిత కేంద్రాలు ఉన్నాయి. మంచి ఏర్పాటే. కానీ అక్కడ రకరకాల వైకల్యాలున్న పిల్లలు కలిసి ఉంటారు. ఆటిజం బిడ్డకు కావలసిన నిశ్శబ్దం దొరకడం కష్టం. ఊరి నుండి అక్కడికి తీసుకువెళ్ళే తల్లికి ఆ పూట కూలి పోతుంది. గది ఊరి బడిలోనే ఉండాలనడం ఇందుకే.

అయితే గది కట్టి బిడ్డను రోజంతా అందులో కూర్చోబెడితే అది కొట్టుగది అవుతుంది. లెక్కలు బాగా వచ్చిన బిడ్డ లెక్కల పాఠానికి తన ఈడువారి తరగతిలోనే కూర్చోవాలి. హోరు భరించలేనప్పుడు గదికి రావాలి, కుదుటపడ్డాక తిరిగి వెళ్ళాలి. కొందరికి ప్రత్యేక పాఠశాలే మేలు. 6 నుండి 18 ఏళ్ళ వరకు ఆ ఎంపికను చట్టం వారికే వదిలింది.

చేర్పించే ముందు ప్రధానోపాధ్యాయుని మూడు విషయాలు అడగండి. మా బిడ్డ రోజుకు ఎన్ని గంటలు తోటిపిల్లలతో ఉంటాడు? ఏయే పాఠాలకు? ప్రత్యేక ఉపాధ్యాయుడు సెలవు పెట్టిననాడు ఎవరు చూస్తారు? చేర్చుకోమంటే, ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. దానితో రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు.